కుదురు లేని బిడ్డలు: ఒక మందు చరిత్ర

మూడు పదుల యేండ్లకు పైగా నేను ఈ బంగారు గనుల పట్టణమున ఒక పాఠశాల కార్యాలయములో గుమాస్తాగా పనిచేసితిని. ఎస్.ఎస్.ఎల్.సి. దాటి చదివినవాడను కాను. వైద్యమును గూర్చి వ్రాయుటకు వీనికేమి యధికారమని పాఠకులు తలచినచో అది న్యాయమే. అయినను మా మనుమని నిమిత్తమై గడచిన రెండేండ్లలో నేను చదివియు, అడిగియు తెలిసికొనినది కొంత కలదు. మన సంఘమునకు చెందిన యిండ్లలో ఇట్టి బిడ్డలు మరికొందరు కలరు. వారిని గూర్చి పెద్దలు గుసగుసలాడుటయే గాని బహిరంగముగా మాటాడుట లేదు. అందుచేత ఈ సంచికకు గనుల చరిత్రనో, ఆవని, కురుడుమలె దేవాలయముల చరిత్రనో వ్రాయుటకు మారుగా ఈ విషయమును ఎన్నుకొంటిని.

మన తెలుగున కుదురు అను మాట యున్నది. నీళ్ళకుండ ఒరగిపోకుండ దాని క్రింద నుంచు గడ్డిచుట్టకు ఆ పేరు. కాలు నిలువని బిడ్డను చూచి మన అవ్వలు వీనికి కుదురు లేదందురు. ఆ మాటలో నింద లేదు. కుండలో బీటయున్నదని దాని యర్థము కాదు. నిలుపు ఆధారము చాలలేదని మాత్రమే. తుంటరి, ఆకతాయి, కోతి అను మాటల దారి వేరు. అవి బిడ్డ గుణమునే పట్టుకొనును. పాఠశాల దస్తావేజులలో వాడు మాటలు ఈ రెండవ జాతివి. వానిని వ్రాసినవాడను గనుక నాకు తెలియును.

1987వ సంవత్సరమున, నేను ఉద్యోగమున చేరిన మరుసటి యేడు, నాలుగవ తరగతిలో ఒక పిల్లవాడుండెను. తండ్రి భూగర్భమున పనిచేయువాడు. తాతల నాడే చిత్తూరు సీమనుండి వచ్చి గనుల లైన్లలో స్థిరపడిన తెలుగు కుటుంబము. పిల్లవాడు తెలివిలేనివాడు కాడు. నోటిలెక్క అడిగినచో ప్రశ్న ముగియకమునుపే సమాధానము చెప్పును. అదే లెక్కను పలకపై వేయుమన్నచో సగములో విడిచి కిటికీ యొద్దకు పోవును. దినమున కొక బలపము పోగొట్టును. తన వంతు రాకమునుపే కేకవేయును. కొట్టిరి; బల్లపై నిలువబెట్టిరి; ఎండలో మోకాళ్ళపై నుంచిరి. ఏదియు పనిచేయలేదు. తుదకు పిల్లవానిని తీసికొనిపొమ్మని తండ్రికి కబురు పోయెను. ఆయన రాత్రి షిఫ్టు దిగి, నిద్రలేని కన్నులతో వచ్చి కార్యాలయపు గుమ్మమున నిలిచెను. నేను టి.సి. నింపితిని. నడవడి అను గడిలో ‘తృప్తికరము కాదు’ అని వ్రాసితిని. పైవారు చెప్పినట్లే వ్రాసితిని. అయినను దస్తూరి నాది.

ఇట్టి బిడ్డలు ఈ కాలపు సృష్టియనియు, చేతిఫోనులు వచ్చిన పిదప పుట్టిన జాడ్యమనియు మనలో పలువురు చెప్పుదురు. చరిత్ర అట్లు చెప్పుట లేదు. స్కాట్లండు దేశీయుడగు అలెగ్జాండర్ క్రైటన్ అను వైద్యుడు 1798లో మనోవ్యాధులను గూర్చి ప్రకటించిన గ్రంథమున అవధానమునకును దాని లోపములకును ఒక యధ్యాయమునే కేటాయించెను. కొందరిలో ఈ లోపము పుట్టుకతోనే యుండుననియు, అట్టివారు ఒక పాఠముపై నిలుకడగా మనస్సు పెట్టలేరనియు, చిన్న చప్పుడైనను వారిని కలవరపెట్టుననియు ఆయన వర్ణించెను. 1798 అనగా శ్రీరంగపట్టణమున టిప్పు సుల్తాను ఇంకను ఏలుచున్న కాలము. మన మారికుప్పం చుట్టుపట్ల బంగారమును గూర్చి లెఫ్టినెంటు వారెను విచారించినది ఆ తరువాతి నాలుగేండ్లకు.

మరి యరువది సంవత్సరములు గడువకమునుపే జర్మనీ దేశమున ఒక వైద్యుడు ఈ బిడ్డనే బొమ్మల కథలోనికి ఎక్కించెను. ఫ్రాంక్‌ఫర్టు నగరవాసియగు హైన్రిక్ హాఫ్‌మన్ 1844లో తన మూడేండ్ల కుమారునకు పండుగ కానుకగా కొనదగిన పుస్తకము దొరకక తానే యొకటి వ్రాసి బొమ్మలు గీసెను. అది మరుసటి యేడు అచ్చయి, తరువాతి కూర్పులలో పెరిగెను. అందు ఫిలిప్ అను బాలుడు భోజనపు బల్లయొద్ద కుర్చీని ముందువెనుకలకు ఊపి ఊపి, తుదకు బల్లగుడ్డతో సహా పళ్ళెములన్నిటిని నేల కూల్చును. చదివిన పిల్లలు నవ్విరి. హాఫ్‌మన్ పిమ్మట తన నగరమున ఉన్మాదుల వైద్యశాలకు అధికారియై ఎన్నియో యేండ్లు పనిచేసెను. నవ్వు వెనుక నున్న కష్టమును ఆయన ఎరుగడని నేననుకొనను.

వైద్యులు దీనిని తమ విషయముగా సభలో చర్చించినది 1902లో. లండనులోని వైద్యుల రాజకీయ కళాశాలయందు జార్జి స్టిల్ అను శిశువైద్యుడు మూడు ఉపన్యాసములిచ్చెను. బుద్ధి కొరత లేకయే తమ్మును తాము అదుపులో నుంచుకొనలేని బిడ్డలను ఆయన వర్ణించెను. వారిలో మగపిల్లలే హెచ్చనియు, ఇది పెంపకపు దోషము మాత్రమే కాదనియు చెప్పెను. అయితే దానికి పేరు పెట్టునప్పుడు నైతికమైన నిగ్రహము యొక్క లోపమనెను. చూడుడు, అంతటి వైద్యుని కలము గూడ నా నడవడి గడినుండి ఎక్కువ దూరము పోలేదు. ఆ 1902 జూను మాసముననే శివసముద్రమునుండి తొంబదిరెండు మైళ్ళ తీగలమీదుగా విద్యుచ్ఛక్తి మన గనులకు వచ్చినది. అది వచ్చిన దినమును మన పిల్లలు బడిలో నేర్చుకొందురు.

తరువాతి మలుపు ఒక అంటువ్యాధివలన వచ్చినది. 1917 మొదలు కొన్ని సంవత్సరములు పశ్చిమ దేశములలో మెదడువాపు జాడ్యము వ్యాపించెను. దానినుండి బ్రతికిన పిల్లలు పలువురు పూర్వము నెమ్మదిగా నున్నవారే అయ్యును అతిచంచలులై పోయిరి. నడవడి మెదడులోని మార్పువలన మారగలదని అప్పుడు స్పష్టమాయెను. ఆ ఎరుక మేలు చేసినది, కీడును చేసినది. మేలేమనగా బెత్తము మాత్రమే మందని నమ్మకము సడలెను. కీడేమనగా, చంచలుడగు ప్రతి బిడ్డ మెదడునందును ఏదో స్వల్పమైన దెబ్బ యుండి తీరునని వైద్యులు నలుబదియేండ్లు ఊహించిరి. అట్టి దెబ్బ అనేకులలో ఎచ్చటను కనబడలేదు.

ఇక మందు కథ. అది 1937లో అమెరికాలోని ఈస్టు ప్రావిడెన్సు అను ఊర జరిగినది. బ్రాడ్లీ యను ధనిక దంపతుల ఏకైక కుమార్తె ఎమ్మా ఏడవయేట మెదడువాపు వచ్చి జన్మమంత వికలాంగురాలాయెను. వారు తమ ఆస్తినంతయు అట్టి పిల్లల వైద్యశాలకు వ్రాసి యిచ్చిరి. అది 1931లో తెరువబడెను. ఆ వంశమువాడే యగు చార్లెసు బ్రాడ్లీ అచ్చట వైద్యుడు. ఆ దినములలో మెదడు చిత్రము తీయవలెనన్న వెన్నెముకనుండి నీరు తీసి గాలి యెక్కించుచుండిరి. దానివలన పిల్లలకు భరింపరాని తలనొప్పి వచ్చుచుండెను. బెంజెడ్రిను అను ఉత్తేజకరమగు మందిచ్చినచో ఆ నీరు త్వరగా ఊరునేమో యని బ్రాడ్లీ యోచించెను. తలనొప్పికి అది అంతగా పనికిరాలేదు. కాని బడిపంతుళ్ళు వచ్చి, పిల్లలు మారిపోయిరని చెప్పిరి. అంతట ఆయన అయిదునుండి పదునాలుగేండ్ల లోపలి ముప్పదిమందికి ఒక వారము ఆ మందిచ్చి చూచెను. వారిలో పదునలుగురు చదువున ఆశ్చర్యకరముగా మెరుగైరి. పిల్లలే దానికి లెక్కల మాత్ర యని పేరు పెట్టిరట! మందు నిలిపిన దినముననే మునుపటి స్థితి తిరిగి వచ్చెను. తలనొప్పికి వెదకిన మందు లెక్కలకు పనికివచ్చుట చరిత్రలోని వింతలలో నొకటి.

పిల్లలకీయు మందులలో నేడు మనదేశమున ముఖ్యమైనది మిథైల్‌ఫెనిడేటు. స్విట్జర్లండు దేశమున బాసెలు నగరమందలి సీబా సంస్థలో లియాండ్రో పానిజోన్ అను రసాయనజ్ఞుడు 1944లో దానిని తయారుచేసెను. ఆయన భార్య మార్గరీటు, ముద్దుపేరు రీటా. మందు సేవించినప్పుడు టెన్నిసు ఆట తనకు బాగుగా సాగుచున్నదని ఆమె చెప్పగా, భార్య పేరుమీదనే దానికి రిటాలిన్ అని పేరు పెట్టెను. 1954లో అది అంగడికి వచ్చినపుడు అలసట, నిరుత్సాహము మొదలగు పెద్దల బాధలకై అమ్మిరి. పిల్లలకు విరివిగా ఈయ మొదలిడినది 1960ల తరువాత.

ఇచ్చట ఒక సందేహము రాక మానదు; నాకును వచ్చినది. పరుగెత్తు గుఱ్ఱమునకు కొరడా వేసినట్లు, చంచలుడైన బిడ్డకు ఉత్తేజమిచ్చు మందేమిటి? మా తండ్రిగారు షాఫ్టు నోట గంటలు కొట్టు పనిచేసినవారు గనుక నాకు తోచిన పోలిక చెప్పెదను. కేజిని దింపి యెక్కించు బలము ఇంజనులో నున్నది. ఎప్పుడు కదలవలెనో, ఎప్పుడు నిలువవలెనో చెప్పునది గంట. గంటవాడు కునికిపాట్లు పడినచో ఇంజనుకు తెలియదు. వేళగాని వేళ కేజి పోవును. అప్పుడు ఇంజనుకు మత్తుపెట్టుట ఉపాయము కాదు, గంటవానికి వేడి కాఫీ యిచ్చుట ఉపాయము. మెదడు ముందుభాగము ఆ గంటవాని వంటిది. డోపమిను, నారడ్రినలిను అను రసాయనములు అచ్చట చాలినంతసేపు నిలుచునట్లు ఈ మందు చేయును. అందుచేత ఇది నిద్రమాత్ర కాదు. బిడ్డ మందకొడిగా పడియున్నచో మోతాదు సరిగా లేదని వైద్యునకు వెంటనే చెప్పవలెను.

పేరు మాత్రము పలుమార్లు మారెను. అమెరికా మనోవైద్యుల జాబితా 1968లో దీనిని బాల్యమందలి అతిచలన ప్రతిక్రియ యనెను. 1980లో అవధాన లోపమునకు ప్రాధాన్యమిచ్చెను. 1987లో నేడు వాడుకలోనున్న ఎ.డి.హెచ్.డి. యను పేరు వచ్చెను. అవధానమను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. ఎనమండుగురు పృచ్ఛకులు నలువైపుల నుండి చెదరగొట్టుచుండగా పద్యము నడపుచునే గంటల లెక్క చెప్పు అవధానిని చూచి చప్పట్లు కొట్టిన జాతి మనది. ఆ విద్య అందరికిని రాదని ఒప్పుకొందుము గదా. దానికి ఎదుటి కొసన, ఒక్క పృచ్ఛకుని గూడ మనస్సున నిలుపలేని బిడ్డ యుండుననుట మాత్రము ఒప్పుకొనము. గీతలో అర్జునుడు మొరపెట్టుకొనిన మనశ్చాంచల్యము మనుష్యులందరిది. ఇది అది కాదు. పండ్రెండవయేడు రాకమునుపే కనబడవలెను. ఇంటను బడిలోను రెండు చోట్లను కనబడవలెను. ఆరునెలలకు మించి నిలువవలెను. బిడ్డ బ్రతుకునకు ఆటంకము కావలెను. అప్పుడే వైద్యులు ఆ పేరు వాడుదురు. ప్రపంచము మొత్తముమీద నూరుగురు పిల్లలలో ఇంచుమించు అయిదుగురు ఇట్టివారని అంచనా.

మన దేశమున పిల్లల మనస్సునకు ప్రత్యేకముగా ఒక చికిత్సాలయము బొంబాయిలో టాటావారి సమాజసేవా పాఠశాలయందు 1937లోనే నెలకొనెను. బ్రాడ్లీ ప్రయోగము చేసిన యేడే యది. మనకు దగ్గరిది బెంగళూరు. అచ్చట పందొమ్మిదవ శతాబ్ది నడుమనుండియు పిచ్చాసుపత్రి యుండెను. దివాను మీర్జా ఇస్మాయిలుగారి కాలమున అది హోసూరు మార్గమందలి విశాలమైన స్థలమునకు మారెను. 1954లో దాని ప్రక్కనే అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వెలసెను, ఎం.వి. గోవిందస్వామిగారు దాని తొలి డైరెక్టరు. 1974 డిసెంబరులో రెండును కలిసి నిమ్హాన్సు ఆయెను. ఆ సంస్థవారు బెంగళూరు పట్టణమునను చుట్టుపట్ల పల్లెలయందును 2,064 మంది పిల్లలను పరీక్షించి 2005లో ప్రకటించిన పరిశోధనలో, నూటికి పండ్రెండుగురికి పైగా ఏదో యొక మానసిక బాధయో, నడవడి బాధయో యున్నట్లు తేలెను. పల్లెపిల్లలకు ఇట్టివి రావను మాట అంతటితో చెల్లకపోయినది.

మన గనులలో వైద్యము లేకపోలేదు. చాంపియన్ రీఫ్సులో కంపెనీ ఆసుపత్రి యుండెను. రాయి పడి విరిగిన ఎముకలకు, రాతిధూళి నిండిన ఊపిరితిత్తులకు అచ్చట చికిత్స జరిగెను. కోలారులో మిషనువారి ఇ.టి.సి.ఎం. ఆసుపత్రి 1910 నుండి కలదు. అయితే మనస్సుకు వైద్యమనగా బెంగళూరే. అచ్చటికి పోవుట యనగా ఆ పాత పిచ్చాసుపత్రి పేరు కుటుంబమునకు అంటుట. పెండ్లి కావలసిన ఆడపిల్లలున్న యింట అంతకు మించిన భయము లేదు. ఆ భయమువలన ఎందరు బిడ్డలు ఇంటనే ఉండిపోయిరో ఏ రిజిస్టరునందును లేదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. ఆ దెబ్బను మరల వర్ణింపను. మన సంచికలలో పలువురు వ్రాసిరి. దానివలన వచ్చిన మార్పొకటి మాత్రము ఇచ్చట చెప్పదగినది. గనిలోనికి దిగుటకు మారుగా మనవారు వేలకొలది తెల్లవారకమునుపే మారికుప్పము బండి యెక్కి బెంగళూరు పనులకు పోవ మొదలిడిరి. 1894లో గనులకొరకు వేసిన కొమ్మదారియే అది. మా కుమారుడును వారిలో నొకడు. చీకటితో పోయి చీకటితో వచ్చు తండ్రికి బిడ్డ ఎట్లున్నదియు కనబడదు. బడినుండి వచ్చు ఫిర్యాదులన్నియు తల్లిమీద పడును.

మా మనుమనికి ఇప్పుడు తొమ్మిదవయేడు. రెండవ తరగతినుండి ఫిర్యాదులు వచ్చినవి. ఒక్కొక్క మాటయు నేను 1987లో వినినదే. ఇంట తలకొక కారణము చెప్పిరి. దిష్టి యని మా యింటామె ఉప్పు మిరపకాయలు త్రిప్పి పడవేసెను. సరస్వతి ఆకు రసము పట్టెను. ముళబాగిలు ఆంజనేయునకు మ్రొక్కెను. సైనైడు దిబ్బల ధూళియని పొరుగువారనిరి. ఆ ధూళి మంచిది కాదనుట వేరు విషయము. అదియే దీనికి హేతువని ఏ వైద్యుడును మాకు చెప్పలేదు. వీటన్నిటికంటె నన్ను బాధించినది ఒక ఉపాధ్యాయిని సలహా. ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో కన్నడమును ఇంగ్లీషును కలిసి పిల్లవాని మెదడు చెదరినదనియు, ఇంట తెలుగు మానుడనియు ఆమె చెప్పెను. మా కోడలు మూడు నెలలు బిడ్డతో వచ్చీరాని ఇంగ్లీషునే పలికెను. అవ్వ చెప్పు కథలు ఆగిపోయినవి. పిల్లవాని చాంచల్యము మాత్రము ఆవగింజంతయు తగ్గలేదు.

ఈ సంగతి నిమ్హాన్సులో వైద్యురాలితో చెప్పగా ఆమె నవ్వి, ఇన్ని భాషలు వినుట దీనికి కారణము కాదనియు, తెలుగు మాని బిడ్డకు కలిగిన మేలేమియు లేదనియు చెప్పెను. కైవారము నారాయణ తాతయ్యగారు తెలుగునను కన్నడమునను కీర్తనలు చెప్పినవారు. రెండు భాషలవలన ఆయన మనస్సు చెదరెనని మనమెవ్వరమును వినలేదు. ఆ రాత్రియే అవ్వ కథ తిరిగి మొదలాయెను. ఇట్టి సలహా విని ఇంట తెలుగు మానినవారు మనలో ఇంకెవరైన నుందురేమో యను శంక యుండుటచేతనే దీనిని ఇంత పెంచి వ్రాసితిని.

వైద్యులు తొందరపడి మాత్ర వ్రాసి యియ్యలేదు. చెవి, కన్ను, నెత్తురు చూచిరి. నిద్ర ఎట్లున్నదనిరి, మూర్ఛలు వచ్చినవా యనిరి. తల్లికొక ప్రశ్నపత్రము, బడికొక ప్రశ్నపత్రము ఇచ్చిరి. తండ్రి బాల్యము ఎట్టిదని నన్నడిగిరి. నేను చెప్పుచుండగా మా కుమారుడు తలవంచుకొనెను. ఇది వంశమున నడచు గుణమట. ఎత్తువలెనే దీనియందును పుట్టుకతో వచ్చు పాలు చాల హెచ్చని కవలపిల్లలపై చేసిన పరిశోధనలు తెల్పుచున్నవి. కవలల మాట అటుంచి, మా కుమారుని చిన్ననాడు నా బెత్తము ఎన్నిమార్లు విరిగినదో నాకు తెలియును. మూడవ పర్యాయము పోయినప్పుడు మందు మాట వచ్చెను.

ఇంట పెద్ద వాదము జరిగినది. మా యింటామె, “పసివానికి మత్తుమందా? ఆ చట్టమందు రాసినదంట గదా” యని పట్టుపట్టెను. ఆమె మాటలో నిజము లేకపోలేదు. ఈ మందు 1971 నాటి అంతర్జాతీయ ఒడంబడికకును, మన దేశపు 1985 నాటి చట్టమునకును లోబడినది. పెద్దలు దురుపయోగము చేసిన చరిత్ర దీనికున్నది. అందుచేతనే వైద్యుని చీటి లేనిదే ఈయరాదు. అన్ని అంగళ్ళలోను దొరకదు. మా పట్టణమున దొరకక మా కుమారుడు బెంగళూరునుండి తెచ్చుచున్నాడు. ఆకలి తగ్గును, నిద్ర ఆలస్యమగును, కొందరికి కడుపునొప్పి, తలనొప్పి వచ్చును. గుండె వేగమును, రక్తపుపోటును చూచుచుండవలెను. కోడలు నన్ను చూచి, “మామా, మీరు చెప్పండి. నాకు బిడ్డ చదువు కాదు, వాడు దినమూ దెబ్బలు తిని వచ్చేది ఆగితే చాలు” అనెను.

నాకు తెలిసినది చెప్పితిని. 1999లో అమెరికాలో ఏడునుండి తొమ్మిదేండ్ల పిల్లలు 579 మందిని పదునాలుగు నెలలు చూచి ప్రకటించిన పరిశీలన యొకటి కలదు. జాగ్రత్తగా మోతాదు సరిచూచుచు మందిచ్చినవారిలో చాంచల్యమును, పరాకును హెచ్చుగా తగ్గినవి. మందుతో కూడ తల్లిదండ్రులకును బడికిని తగిన శిక్షణ యిచ్చినచోట మరికొన్ని మేళ్ళు కలిగినవి. అయితే ఎనిమిదేండ్ల పిదప ఆ పిల్లలనే చూడగా, మొదట పొందిన చికిత్సనుబట్టి వారిలో భేదము కనబడలేదు. మందు మానక వాడినవారు ఎత్తున కొంచెము వెనుకబడిరి. కావున ఇది జన్మకు ఒకసారి పెట్టు టీకా వంటిది కాదు. పనిచేయునంతకాలము పనిచేయును, అంతే. కండ్లజోడు తీసినచో చూపు మరల మసకబారును. అంతమాత్రమున కండ్లజోడు మోసమనము. మా యింటామె ఒప్పుకొనలేదు గాని ఊరకుండెను. ఆమె ఊరకుండుటయే మాకు చాలినది.

ఒక సోమవారము ఉదయము ఇడ్లీ తినిన పిమ్మట పది మిల్లీగ్రాముల మాత్రలో సగము వేసితిమి. అందరమును వాని ముఖమునే చూచుచు కూర్చుంటిమి. వాడు, “ఏమి తాతా, అట్లా చూస్తారు?” అని బూట్లు తొడుగుకొని పోయెను. మత్తు లేదు, మాయ లేదు. మధ్యాహ్నము డబ్బా అట్లే వచ్చెను; రాత్రి ఎనిమిదింటికి ఆకలియని రెండు ముద్దలు సంగటి తినెను. మూడవ వారమున మోతాదు కొంచెము పెంచిరి. ఆ ఆదివారము మన సంఘము నడుపు తెలుగు తరగతిలో కగుణింతము మొదలిడి కః వరకు లేవకుండ వ్రాసెను. అక్షరములు కోడిగీతలే. కాని గీత తప్పినచోట తానే తుడిచి మరల వ్రాసెను. అది నేనెన్నడును చూడలేదు. ఇప్పటికిని నీళ్ళసీసా వారమున కొకటి పోగొట్టును; చెల్లెలితో కలహించును. అవి మాత్రకు లొంగునవి కావు.

గుమాస్తా బుద్ధి పోదు గదా. అంగడిలో ఒక రిజిస్టరు కొని గడులు గీసితిని: తేది, బరువు, ఎత్తు, మధ్యాహ్న భోజనము, నిద్రించిన వేళ, మాత్ర. నడవడి యను గడి గీయలేదు. మొదటి దినమున ఎత్తు 122 సెంటీమీటర్లు, బరువు 22న్నర కిలోలు. మూడునెలలకు బరువు అరకిలో తగ్గెను. వైద్యురాలు ఆ రిజిస్టరు చూచి, ఉదయము మాత్రకు ముందు బాగుగా తినిపింపుమనియు, రాత్రి ఆకలి వేళ కాదనక పెట్టుమనియు చెప్పెను. తొమ్మిది నెలలకు ఎత్తు 125, బరువు 23న్నర.

పోయిన చైత్రమాసమున మేము బెంగళూరు పోవుచుండగా బండిలో ఎదుటి బల్లమీద నలుబదియైదేండ్ల మనుష్యుడొకడు కూర్చుండి నన్నే చూచుచుండెను. మా మనుమడు కిటికీకిని తలుపునకును నడుమ తిరుగుచుండగా వానిని ఒడిసిపట్టి జామపండు కొనియిచ్చెను. తరువాత, “సార్, మీరు ఇస్కూలు క్లర్కు సారు గదా? నాకు టి.సి. రాసిచ్చింది మీరే” అనెను. నేను గుర్తుపట్టితిని. ఆ కన్నులే, కాలు ఊపుటయు అదియే. బెంగళూరున పైపుల పని చేయుచున్నాడట. గనులు మూసిన మూడేండ్లకు తండ్రి పోయెనట. నేనేదో చెప్పబోయితిని. మాట సరిగా రాలేదు. అతడే, “అప్పుడు మీరు రాసింది అబద్ధమేం కాదులే సార్, నేను అట్లే ఉంటిని. నిలబడితే ఒళ్ళంతా చీమలు పాకినట్లుండేది. ఎవరికి చెప్పేది?” అనెను. అటులనుచునే వాని కాలు ఊగుచుండెను.

మేము పోవు చోటు తెలిసికొని కొంచెము సేపు మాటాడలేదు. పిమ్మట గొంతు తగ్గించి తన కుమార్తె సంగతి యెత్తెను. ఆరవ తరగతి. అల్లరి లేదు, కేకలు లేవు. పుస్తకము తెరచి గంటసేపు ఒకే పుట చూచుచు కూర్చుండును. మందబుద్ధి యని బడిలో వెనుక బల్లకు పంపిరట. తన వంటిది కాదు గనుక తన జబ్బు కాదని అతడు తలచెను. చాంచల్యము పైకి కనబడక పరాకు మాత్రమే యుండు రకము కలదనియు, ఆడపిల్లలలో అదియే తరచు ఎవ్వరికిని కనబడక పోవుననియు వైద్యురాలు మాకు చెప్పిన మాటను అతనికి చెప్పితిని. ఉండును, ఉండకపోవచ్చును; చూచువారు చూడవలెను. ఏ దినమున పోవలెను, ఎచ్చట చీటి తీయవలెను, బడినుండి ఏమి వ్రాయించుకొని తేవలెనో ఒక కాగితముమీద వ్రాసి యిచ్చితిని. అతడు కాగితమును పలుమార్లు మడిచి చొక్కా జేబులో పెట్టుకొనెను. కంటోన్మెంటులో దిగునప్పుడు తడిమి చూచుకొనెను.

మా మనుమని వాయిదా వచ్చే నెలలో నున్నది. ఆ పిల్లను తీసికొని అదే బండికి వత్తునని మొన్న ఫోనులో చెప్పినాడు.